పదమూడు నిమిషాల నలభై సెకన్లు

ఎనిమిదో అంతస్తు మలుపు దగ్గర గోడ మీద సుద్దతో అంకె వేసి, టేపు బాబాయ్ నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా నాలుగు అంతస్తులు ఎక్కాలి. భవనాలకు అనుమతులిచ్చే ఆఫీసులో ముప్పై ఏళ్లుగా టేపు పట్టుకోవడమే ఆయన ఉద్యోగం. జేబులో సుద్దముక్క, చంకలో టేపు, మోకాలికి గుడ్డపట్టీ. ఇవాళ వాటికి తోడు ఒక చేతికర్ర.

"ఏంటి బాబాయ్, రాత్రికి రాత్రే ముసలాడివైపోయావా?" అని పొద్దున జీపు డ్రైవరు ఆటపట్టించాడు. ఆయన నవ్వి జీపెక్కాడు. కర్ర వాళ్లక్కది.

మనుషులు ఎంతసేపట్లో కిందికి దిగగలరో చూసి, భవనానికి ఎన్ని మెట్లదారులుండాలో నిర్ణయిస్తారు. ఆ లెక్క పుట్టింది ఆయన కాళ్ల నుంచే. ఉద్యోగంలో చేరిన కొత్తలో అప్పటి ఇంజనీరు వాచీ పట్టుకుని కింద నిలబడి, పన్నెండో అంతస్తు నుంచి మామూలుగా దిగిరమ్మన్నాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మెప్పు కోసం రెండేసి మెట్లు దాటుకుంటూ రెండు నిమిషాల్లో వచ్చి పడ్డాడు. ఇంజనీరు భుజం తట్టాడు. ఆ రెండు నిమిషాలే రూల్సు పుస్తకంలోకెక్కాయి. ఒక్క సన్నటి మెట్లదారి చాలన్నారు. ఊరంతా అలాగే కట్టేశారు.

పోయినేడు అక్క ఉండే భవనంలో మంటలు లేచాయి. కీళ్లనొప్పులతో మెట్టుమెట్టుకీ రెండు కాళ్లూ ఆనించి దిగే మనిషి. ఐదో అంతస్తు మలుపు దాకా వచ్చింది. అక్కడే పొగ కమ్మేసింది. అమ్మ పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. తమ్ముడి ఉద్యోగం పర్మనెంటయిందని వీధంతా తిరిగి చెప్పుకున్నదీ ఆవిడే. తన పరుగే అక్కని చంపిందని ఆయన ఏడాదిగా కుమిలిపోతున్నాడు. భార్యతో కూడా అనలేదు.

ఇప్పుడు కొత్త రూల్సు రాస్తున్నారు. పన్నెండో అంతస్తులో ఇంజనీరమ్మ వాచీతో సిద్ధంగా ఉంది. పక్కన చురుకైన గుమస్తాలిద్దరు. వాళ్లూ రెండు నిమిషాల్లో దిగితే పాత రూలే ఉండిపోతుంది.

"అమ్మా, నన్ను దిగనివ్వండి," అన్నాడు ఆయన పైకి చేరగానే.

"మీకు మోకాలు బాలేదుగా?"

"అందుకేనమ్మా." ఆయన కర్ర ముందుకు పెట్టాడు. "పుస్తకంలో ఉన్న రెండు నిమిషాలూ నావే. నడవమంటే పరిగెత్తాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

ఆవిడ గుమస్తాలని ఆయన వెనకే రమ్మంది. తర్వాత వాచీ నొక్కింది.

ఆయన అక్కలా దిగాడు. ముందు కర్ర, తర్వాత ఒక కాలు, దాని పక్కనే రెండోది. మలుపు మలుపుకీ ఆగాడు. ఐదో అంతస్తు దగ్గర ఊపిరందక మెట్టు మీదే కూలబడ్డాడు. వెనకొస్తున్న గుమస్తాలు గోడకి అతుక్కుని, పక్కకి తిరిగి, ఒక్కొక్కరుగా దాటాల్సి వచ్చింది.

"కాసేపు కూర్చోడానికైనా చోటు లేదు కదే అక్కా," అని గొణుక్కున్నాడు. కళ్లు తుడుచుకుని లేచాడు.

"పదమూడు నిమిషాల నలభై సెకన్లు," అంది వెనకే కిందికి దిగొచ్చిన ఇంజనీరమ్మ. "ఇకమీదట లెక్క అందరికన్నా నెమ్మదిగా దిగేవాళ్లని బట్టే. రెండు మెట్లదారులు. మలుపుల దగ్గర ఆగడానికి చోటు. ఇవాళే రాసి పంపిస్తా."

"పైవాళ్లు కొట్టేయరు కదమ్మా?"

"కొట్టేస్తే మళ్లీ రాస్తా. వాళ్లని కూడా ఈ మెట్లు దింపిస్తా."

ఆయన చాలా రోజుల తర్వాత మనసారా నవ్వాడు. గేటు పక్క బెంచీ మీద కూర్చుని టీ తెప్పించుకున్నాడు. ఎండ బాగుంది. తల గోడకి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"బాబాయ్, బయల్దేరదామా?" అని డ్రైవరు పిలిచాడు. కునుకు తీస్తున్నాడనుకుని, పోనీలే అని కాసేపు ఆగాడు. రెండోసారి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. గ్లాసులో టీ నిండుగా, చల్లగా ఉంది.

ఆరు నెలలకి కొత్త రూల్సు వచ్చాయి. రెండు మెట్లదారులు ఉన్నాయి, ఆగే చోటూ ఉంది. ఎవరి నడకతో కొలిచారో అందులో రాయలేదు.

ఆయన పోయాక సామాను తీసుకెళ్లడానికి వచ్చిన భార్యకి ఇంజనీరమ్మ అంతా చెప్పింది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఏడ్చింది. కళ్లజోడు, టిఫిను డబ్బా సంచిలో వేసుకుని, కర్రని మాత్రం ఇక్కడే ఉంచమంది. అది ఇంజనీరమ్మ గదిలో తలుపు పక్కన ఆనించి ఉంది, పిడి మీద సుద్ద అంటిన నాలుగు వేళ్ల గుర్తులతో.