కుదురుగా కూర్చో

పాప గౌన్ల మెడ వెనకుండే లేబుళ్లను బ్లేడుతో ఒక్కో కుట్టూ విప్పి తీయడం నా పని. ఒక్క పోగు మిగిలినా ఆ ఏడేళ్ల పిల్ల ఒంటిమీద నిప్పులు పోసినట్టు అరుస్తుంది. మిక్సీ వేసే ముందు దానికి చెప్పాలి. తల దువ్వడానికి అరగంట పడుతుంది. రెండు లెక్కలు చేసేలోపు పదిసార్లు లేస్తుంది. ఇవన్నీ చూసుకుని ఆఫీసుకు ఆలస్యంగా వెళ్తే, "మాకూ ఉన్నారమ్మా పిల్లలు" అంటాడు మేనేజరు. ఇంట్లో అత్తయ్యది ఇంకో పాట. "మా ఇంటా వంటా లేదీ చోద్యం. అంతా తల్లి పెంపకం!" మా ఆయన మాట మరీ పొట్టిది. "రెండు తగిలిస్తే అదే కుదురుకుంటుంది."

తగిలించారు కూడా. ఆయన ఆఫీసువాళ్ల విందులో స్పీకర్లు హోరెత్తగానే పాప చెవులు మూసుకుని బల్ల కింద దూరింది. రెక్క పట్టి లాగి, అందరి ముందూ చెంప పగలగొట్టారు. కారెక్కాక "నా పరువు తీశావ్" అన్నది మాత్రం నన్ను. మర్నాడే హాస్టల్ బడి దరఖాస్తు తెచ్చారు. "అక్కడైతే మెడలు వంచుతారు. సంతకం పెట్టు."

నేను ఏడవలేదు. "పాపని చూస్తున్న థెరపిస్టు మిమ్మల్నీ అత్తయ్యనీ ఒక్కసారి రమ్మన్నారు. వస్తే ఆలోచిస్తాను" అన్నాను.

వచ్చారు. థెరపిస్టు ఆయనకు గోనెలా గరుకుగా ఉన్న చొక్కా తొడిగించి, ఊగే స్టూలు మీద కూర్చోబెట్టింది. ఎదురుగా మిణుకుమిణుకుమనే దీపం. హెడ్‌ఫోన్లలో హారన్లు, మిక్సీ, కుర్చీలు ఈడ్చే చప్పుడు, అన్నీ ఒకేసారి. "మీ పాపకి లోకం చాలాసార్లు ఇలాగే ఉంటుందండీ. అయిదు నిమిషాలు ఓర్చుకుని ఏదైనా కాగితం నింపండి."

"అయిదేంటి, పది పెట్టండి" అని నవ్వారు ఆయన. ఆయన సంచిలోంచి హాస్టల్ దరఖాస్తు తీసి ముందు పెట్టాను. శబ్దం పెంచే మీట నా చేతి దగ్గరే ఉంది.

నిమిషంలో మెడ గోక్కోవడం మొదలుపెట్టారు. రెండో నిమిషంలో పాప పేరు తప్పు రాసి కొట్టేశారు. "ఆపవే!" అని అరిచారు. నేను ఇంకాస్త పెంచాను. ఒక చెవి మీది హెడ్‌ఫోన్ కొద్దిగా ఎత్తి మెల్లిగా అన్నాను. "కుదురుగా కూర్చో. అందరూ చూస్తున్నారు. నా పరువు తీయకు."

పదకొండేళ్ల కాపురంలో ఆయనతో ఏకవచనంలో మాట్లాడడం అదే మొదలు. జాలి కలగలేదు. అబద్ధమెందుకు, ప్రాణానికి హాయిగా ఉంది.

హెడ్‌ఫోన్లు పీకి విసిరికొట్టారు. కళ్లలో నీళ్లు. "తల పగిలిపోతోంది!"

"మూడు నిమిషాలైంది. పాపకి ఏడేళ్లయింది."

దరఖాస్తు తీసుకుని నాలుగు ముక్కలు చేశాను. "పాప ఎక్కడికీ వెళ్లదు. రేపట్నుంచి పొద్దున్నే తల దువ్వేది మీరు. ఇంకోసారి దాని మీద చెయ్యి పడితే, ఇంట్లోంచి వెళ్లేది కూడా మీరే."

అప్పటికే అత్తయ్య చెప్పులు వెతుక్కుంటోంది. "నాకసలే బీపీ తల్లీ, నే బయట కూర్చుంటా."

హెడ్‌ఫోన్లు నేల మీంచి తీసి, రుమాలుతో శుభ్రంగా తుడిచాను.

"రండత్తయ్యా. ఇప్పుడు మీ వంతు."