నవ్వు గుండీలు

గుండీలక్కకి నలభై రెండేళ్ళు. దారాన్ని పళ్ళతో తెంపేది, నవ్వొస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఆ అరచేతిలో నవ్వు గుండీ అయ్యేది. చిన్న నవ్వుకి జాకెట్టు గుండీ, పెద్ద నవ్వుకి కోటు గుండీ. వాటిని సీసాలో వేసి మళ్ళీ మిషను తొక్కుకునేది. వీధిలో అందరి బట్టలకీ అవే. కొట్టుకి పేరొచ్చింది వాటివల్లే, బోర్డు మీద పేరు మాత్రం మొగుడిది.

దారం కొరికీ కొరికీ ముందుపళ్ళ అంచులు విరిగాయి. పైదవడ పన్ను ఒకటి పుచ్చి నాలుగేళ్ళయింది.

"పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయే. సూదిలో దారం మీ బాబెక్కిస్తాడా?" అనేవాడు మొగుడు.

కళ్ళు పోతే కుట్టు పోతుంది. కుట్టు పోతే ఆ ఇంట్లో తనెవరు? పంటికింద లవంగం నొక్కిపెట్టి ఊరుకుంది. మెడ కొలతలు తీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేర్చుకుంది.

ఒకరోజు టీచరమ్మ జాకెట్టు పట్టుకొచ్చింది.

"ఏమీ అనుకోకక్కా. గుండీ పుచ్చింది. వాసన కూడాను. క్లాసులో పిల్లలు ముక్కు మూసుకున్నారు."

గుండీ మధ్యలో నల్లటి గుంట. గుండీలక్క సీసా వంపి చూసింది. అన్నీ అంతే. ఇన్నేళ్ళూ చేత్తో దాచుకున్నది వీధి ఆడవాళ్ళ గుండెల మీద ఊరేగుతోందన్నమాట. తలెత్తలేకపోయింది.

"సరిగ్గా నవ్వి చావవే" అన్నాడు మొగుడు.

ఆమె చెప్పులేసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి నడిచింది.

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వాల్చి నోరు తెరవమంది. గుండీలక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"చూస్తే అసహ్యించుకుంటారు."

"పొద్దున్న వచ్చినాయన నోటి ముందు మీది పూలతోట. చెయ్యి తియ్యండమ్మా."

"కళ్ళు పోతాయంటగా?"

"కంటికీ పంటికీ చుట్టరికం లేదు. పళ్ళు ఊడే వయసులోనే చత్వారమూ వస్తుంది, నింద పన్ను మీద పడింది. సూది మాత్రం చురుక్కుమంటుంది. అబద్ధం చెప్పను."

చురుక్కుమంది. తర్వాత దవడ మొద్దుబారి, ఎవరో లాగుతున్నట్టు తెలిసిందంతే. పళ్ళెంలో పన్ను చింతగింజంత కూడా లేదు. దీనికా నాలుగేళ్ళు ఊపిరి బిగబట్టాను అనుకుంటే, సూదికంటే అది ఎక్కువ గుచ్చుకుంది.

గాయం మానాక ముందుపళ్ళు కూడా సరిచేయించుకుంది. సూదిలో దారం ఎప్పట్లాగే ఎక్కింది. ఓ సాయంత్రం టీచరమ్మ హెడ్మాస్టరు నడక నడిచి చూపిస్తే నవ్వొచ్చింది. చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఆ నవ్వు వీధి చివరిదాకా వినపడింది.

సీసా ఖాళీగా ఉండిపోయింది.

"గుండీలేవే?" అన్నాడు మొగుడు.

"బయటికి నవ్వేశాను."

"మరి బేరాలెట్లా?"

"బజార్లో అమ్ముతారు. వెళ్ళి కొనుక్కురా."

మరుసటేడు ఆమె ఎదురు వరసలో సొంత కొట్టు పెట్టింది. పనడగడానికి వచ్చిన మొగుణ్ణి పెట్టుకోలేదు.