డబ్బా మీది అవ్వ

బాలనర్సమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒకే ఒక్కసారి ఫొటో దిగింది. ఆ ఒక్కసారే కొంప ముంచింది.

శామీర్‌పేట చెరువు పక్కన చేపలు పట్టేవాళ్ల వాడలో ఆమె ఇల్లు. మొగుడు పోయి పదేళ్లయింది. పొద్దున చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరు తిరుగుతుంది, మధ్యాహ్నం నుంచి ఇంటి ముందు కూర్చుంటుంది. వాడలో ఏ పిల్ల మోకాలు గీరుకున్నా ఆమె గడప దగ్గరికి రావలసిందే. ఆమె పెట్టే మందు పెద్ద రహస్యమేమీ కాదు. గాయపాకు. బడిపిల్లలు పలక తుడుచుకునే ఆకే, ఏ గట్టు మీద చూసినా మొలుస్తుంది. దాన్ని కడిగి, నలిపి, రెండు చుక్కల పసరు పిండుతుంది.

అసలు సంగతి ఆకులో లేదు, ఆమె చూపులో ఉంది. ముందు గాయాన్ని నీళ్లతో బాగా కడుగుతుంది. వెలుతురుకు తిప్పి చూస్తుంది. పైపైన గీరుకుపోయిందైతే పసరు. మేకు దిగినా, ముల్లు లోపల విరిగినా, కుక్క కరిచినా ఆకు ముట్టదు.

"అడుగు కనబడని గాయం నాది కాదు బిడ్డా. దవాఖానకు పోయి సూది ఏపియ్యి, జల్దీ నడువు" అంటుంది. పోనని మొండికేసిన తల్లులను నోటికొచ్చినట్టు తిట్టి మరీ తరుముతుంది. నలభై ఏళ్లలో ఎందరికి పసరు పిండిందో ఊరంతా చెబుతుంది. ఎందరికి పిండకుండా పంపిందో ఎవరూ చెప్పరు. నన్నడిగితే ఆమె వైద్యమంతా ఆ రెండో లెక్కలోనే ఉంది.

ఆ మొదటి లెక్క మాత్రమే కావలసి వచ్చాడు హరీష్. మాజీ సర్పంచ్ జనార్ధన్ కొడుకు. రెండు వేల అయిదులో మా వైపు భూములకు రెక్కలొచ్చాయి. చెలక అమ్మిన సొమ్ముతో ఒకడు కారు కొన్నాడు, ఒకడు ఎలక్షన్లో నిలబడ్డాడు. హరీష్ గాజులరామారంలో ఒక షెడ్డు అద్దెకు తీసుకుని మూలికల మలాం తయారు చేయడం మొదలుపెట్టాడు. దానికొక నమ్మకమైన మొహం కావాలి. తనది పనికిరాదని ఆ మాత్రం తెలివి అతనికుంది.

బడి ఆవరణలో బాలనర్సమ్మకు సన్మానం చేశాడు. శాలువా కప్పాడు. ఆ ఇంటివాళ్ల ఎదుట ఆమె కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఫొటో తీశారు, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆమె తనకు తెలిసిందంతా చెప్పింది. ఏ గాయానికి పెట్టాలో చెప్పింది, ఏ గాయానికి పెట్టకూడదో అంతకు రెండింతలు చెప్పింది. హరీష్ తల ఊపుతూ రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో చదువు రాని మనిషికి ఎట్లా తెలుస్తుంది?

రెండు నెలలకు పచ్చ డబ్బా వచ్చింది. పేరు 'అవ్వ మలాం'. మూత మీద శాలువా కప్పుకుని, బోసినోటితో నవ్వుతూ బాలనర్సమ్మ. ఆమె ఆ డబ్బాను ఎల్లమ్మ పటం పక్కన పెట్టుకుంది. వచ్చిన వాళ్లకల్లా చూపించింది. ఉబ్బితబ్బిబ్బయింది, ఎందుకు దాచాలి. ఆ తర్వాత గడప దగ్గరికి పిల్లలు రావడం తగ్గింది. ఈసారి పిల్లలు కుదురుగా ఉన్నారనుకుంది వెర్రి ముసలిది.

ఒకరోజు పొద్దున చేపల గంపతో వెనక సందులోకి వెళ్లింది. రోజారాణి ఇంటి ముందు ఆమె కొడుకు బబ్లూ నులక మంచంలో పడుకుని ఉన్నాడు. ఆరేళ్లవాడు, బడి ఉన్న రోజు. కాలికి గుడ్డ కట్టి ఉంది. రోజారాణి బౌరంపేట్‌లో కొత్తగా కడుతున్న ఇళ్ల దగ్గర కూలికి పోతుంది, పిల్లవాణ్ణి వెంట తీసుకుపోతుంది.

"ఏమైందే పోరనికి?"

"సెంట్రింగు చెక్కకున్న మేకు దిగింది అవ్వా. ఆరు దినాలైంది. తగ్గుతాంది."

"ఆరు దినాలా? మరి నా దగ్గరికెందుకు తీస్కరాలె? రెండిండ్ల అవుతలనే ఉన్న గద."

"నువ్వు మా ఇంట్లనే ఉన్నవ్ గదా అవ్వా" అంటూ రోజారాణి లోపలికి వెళ్లి పచ్చ డబ్బా తెచ్చి చూపించింది. సగానికి పైగా ఖాళీ. "మూడు పూటలు నీ మలామే పెడుతున్న. పెట్టంగనే సల్లగున్నదంటడు. ఏడుపు బంద్ జేసిండు."

బాలనర్సమ్మ గంప దించి గుడ్డ విప్పింది. మలాం పొర కింద పాదం ఉబ్బి మెరుస్తోంది. తన మొహం ఉన్న డబ్బాను మొదటిసారి మూత తీసి వాసన చూసింది. ఆకు వాసన పేరుకే, ఘాటంతా పిప్పర్మెంటు పువ్వుది. అది నొప్పిని చల్లబరిచింది, గాయాన్ని మూసేసింది. లోపల కుళ్లుతుంటే పిల్లవాడికి ఏడుపే లేకుండా చేసింది. నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే కాలిపోతోంది.

చేపలు అక్కడే వదిలేసి ఆటోలో మేడ్చల్ దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ కోసి చీము తీసింది. ఇంకో రెండు రోజులు ఆగితే కాలే తీసేయాల్సి వచ్చేదని చెప్పింది.

"మేకు దిగితే సూది ఏపియ్యాలని నీకు ఎవ్వరు చెప్పలేదా అమ్మా?" అని రోజారాణిని అడిగింది.

రోజారాణి ఏడుస్తూ కొంగులోంచి డబ్బా తీసి ఇచ్చింది. డాక్టరమ్మ డబ్బా చూసింది, పక్కన నిలబడ్డ ముసలమ్మను చూసింది, మళ్లీ డబ్బా చూసింది. ఆ తర్వాత మూత మీది అక్షరాలు పైకి చదివింది.

"పిల్లల అన్ని దెబ్బలకు, అన్ని గాయాలకు. ఇక సూదుల బాధ లేదు. మన అవ్వ మాట."

బాలనర్సమ్మ జన్మలో ఆడని మాట అది. ఆమె మొహం కింద అచ్చయి ఎన్ని ఇళ్లకు వెళ్లిందో. ఒళ్లు మండిపోయింది. అక్కడినుంచి ఇంటికి పోలేదు, నేరుగా హరీష్ ఇంటికే పోయింది.

"చిన్న పటేలా, నేను సూది వద్దన్ననా నీతోని?"

"గరమ్ గాకు అవ్వా, కూసో" అన్నాడు హరీష్. "దవాఖానకు పొమ్మని రాస్తే మలాం ఎవరు కొంటరు? అయినా ఆకులల్ల ఏం నష్టముంటది? నువ్వే గద నలభై ఏండ్ల సంది పెడుతున్నవ్."

"పెట్టొద్దన్నది గూడ చెప్పిన. గది ఏడ పెట్టినవ్?"

"డబ్బా మీద జాగా సాలలే." నవ్వాడు. "కాయిదం మీద నీ వేలిముద్ర ఉన్నది అవ్వా. పరేషాన్ గాకు. వచ్చే నెల మేడ్చల్‌ల ఇంకో సన్మానం పెడుతున్న నీకు."

పసివాడి కాలు కోసిన పూట శాలువా చూపించి ఆశపెట్టేవాణ్ణి ఏ తిట్టు తిట్టాలో ఆమెకు తోచలేదు. తిట్ల విషయంలో ఆమె పేదరాలు కాదు. అయినా తోచలేదు.

మర్నాడు ఊళ్లో అంగడి, వారం వారం జరిగే సంత. మలాం అమ్మే జీపు కూరగాయల వరుస పక్కన ఆగి ఉంది. మైకు పట్టుకున్న మల్లేశం హరీష్ దగ్గర జీతగాడు. ఆమె జనాన్ని తోసుకుని వస్తుంటే చూసి పొంగిపోయాడు.

"సూడుండ్రి, డబ్బా మీది అవ్వ మన అంగడికే వచ్చింది. ఆమె నోటితోనే ఇనుండ్రి" అని మైకు ఆమె చేతికే ఇచ్చాడు.

"ఇది నా మందు గాదు" అంది బాలనర్సమ్మ. తన గొంతు అంత పెద్దగా వినబడేసరికి మైకును కాస్త దూరంగా పట్టుకుంది. "నేను సూది వద్దని ఎన్నడు అనలే. మా వాడల ఆరేండ్ల పోరడు గీ మలాం పెట్టుకుని కాలు మీదికి తెచ్చుకున్నడు. నిన్న కోసిండ్రు. మేకు దిగిన పిల్లలు, కుక్క కరిచిన పిల్లలు, ఎవరింట్ల ఉన్నా ఇప్పుడే దవాఖానకు తీస్కపోండ్రి."

మల్లేశం వైరు పీకేశాడు. అయితే ఏం, ఆ మాట అప్పటికే అంగడంతా వినబడింది, ఇక మైకుతో పని లేదు. పర్వతాలు అనే కూలి మనిషి ముందుకు వచ్చింది. చంకలో మూడేళ్ల కూతురు. ఆ పిల్ల చేతి బొటనవేలికి పచ్చగా మలాం పట్టించి ఉంది.

"నీ మొఖం సూసే కొన్న. ఎలుక కొరికితే మూడు దినాల సంది గిదే రాస్తున్న" అంది పర్వతాలు. "నీది గాకపోతే ఫొటో ఎందుకిచ్చినవ్ మరి?"

అబద్ధాలు చాలా దొరుకుతాయి అలాంటప్పుడు. మోసం చేశారనొచ్చు, చదువు రాదనొచ్చు. అవి సగం నిజాలు కూడా.

"శాలువా కప్పి కుర్సీల కూసోబెట్టిండ్రు. మురిసిపోయిన" అంది బాలనర్సమ్మ. "అండ్ల ఏం కలిపిండ్రో అడగలే. ఏం రాసిండ్రో సదివించుకోలే. తప్పు నాది గూడ ఉన్నది."

పర్వతాలు చేతిలోని డబ్బాను కింద పడేసింది. మూత మీది మొహం మీద తుపుక్కున ఊసింది.

"ఊసినవ్ గద, మంచిగైంది. ఇగ పిల్ల చెయ్యి ఇటు సూపియ్యి" అంది బాలనర్సమ్మ.

పర్వతాలు చూపించలేదు. పిల్లను ఇంకో చంకకు మార్చుకుని దవాఖానకు పోయే ఆటోల వైపు నడిచింది. ఆమె వెనకే మరో ఇద్దరు తల్లులు, ముసలమ్మ వైపు కన్నెత్తి కూడా చూడకుండా వెళ్లారు. వాళ్లు రోడ్డు దాటే దాకా బాలనర్సమ్మ అక్కడే నిలబడి చూసింది.