నీళ్ళలో మూడు దిమ్మెలు

టప్...

కుళాయి నుంచి ఒక బొట్టు.

టప్...

కింద తొట్టి. తొట్టి నిండా నీళ్ళు. నీళ్ళ అడుగున కాంక్రీట్ దిమ్మెలు, బూడిదరంగు చేపల్లా, కదలకుండా. ఇరవై ఎనిమిది రోజులు నానితే గానీ వాటికి గట్టితనం రాదు. తొందరపెడితే వినవు. బతిమాలినా వినవు.

ఆ అమ్మాయి నాలుగేళ్ళుగా కాలేజీ ల్యాబులో ఈ చప్పుడు వింటోంది. ఈ ఉదయం మాత్రం వినలేకపోతోంది.

థీసిస్ ఇవ్వడానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. వచ్చే నెల ఒకటిన ఉద్యోగంలో చేరాలి. అమ్మ అప్పుడే చుట్టాలందరికీ చెప్పేసింది — "మా పిల్ల డాక్టరవుతోంది, సూది మాత్రం వెయ్యదు" అని.

ఇంతలో ఇది.

దిమ్మెను విరిచి చూసేటప్పుడు దాని మీద ఒక ఇనప పలక పెట్టాలి. ఇరవై రెండు కిలోలు. పలక పెట్టకముందే బరువు చూపే మీటరును సున్నాకు తేవాలి, అప్పుడే పలక బరువు కూడా లెక్కలోకి వస్తుంది. కొన్ని రోజులు అలాగే చేసింది. కొన్ని రోజులు పలక పెట్టేసి, ఆ తర్వాత సున్నా నొక్కింది. నిన్న పట్టికలు చివరిసారి సరిచూస్తుంటే ఆ సంగతి తట్టింది.

ఏ రోజు ఎలా చేసిందో... గుర్తు లేదు.

నలభై నాలుగు దిమ్మెలు. సిమెంటులో బూడిద కలిపినవి మామూలు వాటికంటే ముప్పై కిలోలు ఎక్కువ మోశాయని ఆమె థీసిస్. ఆ ముప్పైలో నిజం ఎంతో, పలక ఎంతో!

ఎవరికీ తెలియదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. ఆ మాట నిన్నటి నుంచి చెవి దగ్గర జోరీగలా తిరుగుతోంది.

చెప్పులు ఈడ్చుకుంటూ మాస్టారు వచ్చారు. చేతిలో గొడుగు. వాన ఉన్నా అంతే, లేకున్నా అంతే.

ఆయన దగ్గర పరిశోధన చేసే పిల్లలంతా ఆయన్ని చాటుగా 'ఏంచూశావు మాస్టారు' అంటారు. ప్రయోగానికి ముందు ఏం చేశావని అడగరు, ఏం చూశావని అడుగుతారు. అదంతా నోటుబుక్కులో పెన్సిలుతో రాయాలి. బల్ల మీద ఏముంది, కిటికీ తెరిచి ఉందా, బయట వాన పడుతోందా... పనికిరానిదైనా సరే. పనికిరానిదే ముందు రాయమంటారు. అందరూ నవ్వుకునేవారు. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వుకుంది.

నవ్వుకుంటూనే రాసింది.

"మాస్టారూ... నేనో పొరపాటు చేశాను."

మిగతాది చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన గొడుగు గోడకు ఆనించారు. స్టూలు లాగి ఆమెకు వేశారు.

టప్...

"చదువుకునే రోజుల్లో నేనూ ఇలాంటిదే చేశానమ్మా. మా గురువుగారికి చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే ఆయన లేరు. అప్పట్నుంచే నాకీ రాత పిచ్చి."

కళ్ళజోడు తుడుచుకుని, రోజూ అడిగేదే అడిగారు.

"సరే. ఏం చూశావు?"

ఐదు నోటుబుక్కులు తెచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదివారు.

'వాన. కిటికీ మూసి ఉంది. పలక దిమ్మె మీద దర్జాగా కూర్చుంది, నాకే కుర్చీ లేదు. సున్నా నొక్కాను.'

'ఎండ. పలక నేల మీదే ఉంది. సున్నా నొక్కాను. తర్వాత పలక ఎత్తేసరికి నడుం పట్టేసింది.'

'మబ్బు. పలక నేల మీద. పలక మీద చీమ. సున్నా నొక్కాను. చీమ బరువు మాస్టారే చెప్పాలి.'

ఆయన్ని ఏడిపించడానికి రాసిన వెటకారమంతా ఇప్పుడు ఒక్కో దిమ్మె తరఫున సాక్ష్యం చెబుతోంది. ఆయన పకపకా నవ్వుతున్నారు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి.

పలక బరువు రాని దిమ్మెలకు అది కలిపాక, మధ్యాహ్నానికి లెక్క తేలింది. ముప్పై కాదు, పందొమ్మిది.

తగ్గింది... కానీ ఉంది. నిజంగా ఉంది.

గుండెల మీది బండ దిగిపోయింది. నిన్నటి నుంచి మొదటిసారి ఆమె నిండుగా ఊపిరి పీల్చుకుంది. తడి సిమెంటు వాసన ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

మూడు దిమ్మెల దగ్గర మాత్రం పేజీలు ఖాళీ. ఉద్యోగం ఇంటర్వ్యూ హడావిడిలో పడి ఆ వారం ఏమీ రాయలేదు. అన్నిటికంటే ఎక్కువ బూడిద కలిపినవి ఆ మూడే. అవి లేకపోతే ఆఖరి అధ్యాయమే లేదు.

అంచనాగా ఏదో ఒకటి వేసేద్దామా అని అడగబోయింది. అడగలేదు. అడగనందుకు తన మీద తనకే ముచ్చటేసింది.

మాస్టారు అప్పటికే చొక్కా చేతులు మడుస్తున్నారు.

"థీసిస్ గడువు నెల పెంచమని అడుగుతాను. ఉద్యోగం వాళ్ళకి నేను ఉత్తరం రాస్తాను. ఆగుతారో లేదో నాకూ తెలీదు. ముందు ఇసుక జల్లించు."

ఆ మూడింటి బదులు కొత్తవి చేయడానికి ఇద్దరూ కాంక్రీట్ కలిపారు, అచ్చుల్లో పోశారు. ఫోనులో సంగతి విని అమ్మ, "నాలుగేళ్ళు ఆగినదాన్ని, నెల ఆగలేనా? చుట్టాలకి నేను చెప్పుకుంటాలే" అంది.

మర్నాడు ఉదయం అచ్చులు విప్పి, మూడు దిమ్మెల్నీ మెల్లగా నీళ్ళలోకి దింపింది. పసిపిల్లలకు స్నానం చేయించినట్టు.

ఇరవై ఎనిమిది రోజులు.

ఏమవుతుందో... ఈ మూడూ ఎంత మోస్తాయో...

కొత్త పేజీ తీసి రాసింది.

'మూడు దిమ్మెలు. నిండా నీళ్ళు. కిటికీ తెరిచి ఉంది. గోడకు ఆనించి మాస్టారి గొడుగు, నిన్న మరిచిపోయారు. బయట చినుకులు.

కుళాయి అంచున ఒక బొట్టు...

ఇంకా పడలేదు.'