వీధివైపు సిమెంటు మిద్దె

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊళ్ళో మిద్దె ఉన్న ప్రతివాడికీ దానిమీద మేడ కట్టాలని బుద్ధి పుట్టింది. ఆఫీసర్లు ఇళ్ళు దొరక్క గుడారాల్లో ఉంటున్నారు. రిటైరైన హెడ్ గుమాస్తా ఓబుళరెడ్డి తన మేడను కట్టకముందే సగం ఊరికి చూపించేశాడు. దారినపోయేవాళ్ళను వీధిలో నిలబెట్టి, ఆకాశంలోకి వేలు చూపించి, అక్కడ కిటికీ, ఇక్కడ డిప్యూటీ కలెక్టరు కుర్చీ అని చెప్పేవాడు. వాళ్ళు తలెత్తి చూసి, కిటికీ బాగుందని చెప్పి వెళ్ళేవారు.

ఆయనది ఆ వీధిలో మొదటి సిమెంటు మిద్దె. మిగతావన్నీ దూలాల మీద మట్టి పరిచిన మిద్దెలు. వాటిమీద ఏటా వానలకు ముందు చవుడు మన్ను పోస్తారు. ఆ ఉప్పుమన్ను తడిస్తే బిగుసుకుని నీళ్ళను కిందికి దిగనీయదు. పుట్టింట్లో పోసేవాళ్ళు కాబట్టి ఓబుళరెడ్డి భార్య నాగలక్ష్మమ్మ సిమెంటు మిద్దె మీద కూడా ఏటా బండితో చవుడు తెప్పించి పోయించేది. ఎందుకని ఎవరూ అడగలేదు. అంత ఖరీదైన మిద్దెను ఒట్టిగా ఎలా వదిలేస్తారు?

ముందున్న సన్నటి వరండా కప్పు మీద మాత్రం పోయించేది కాదు. అది వీధిలోకి కనిపిస్తుంది. సిమెంటు కనిపించకపోతే సిమెంటు మిద్దె కట్టి ఏం లాభం?

మిద్దె కట్టిన కొన్నేళ్ళకు, రాజధాని రాకముందే, హాలు కప్పుకు కిందివైపు పగుళ్ళు వచ్చాయి. బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి. కూతురి పెళ్ళికి హాల్లో కట్టిన చాందినీ గుడ్డను ఓబుళరెడ్డి ఇక విప్పించలేదు. ఇంట్లో ఇంకో పెళ్ళి ఉందా అని వచ్చినవాళ్ళు అడిగితే లేదనేవాడు కాదు.

అల్లుడు కేశవరెడ్డి ఆనకట్టల శాఖలో సూపర్వైజరు. ఉగాదికి వచ్చినప్పుడు మామ మేడ గురించి సలహా అడిగాడు. సరే అనిపించుకోవడానికే అడిగాడు. అంతలో పైనుంచి ఒక పెచ్చు ఊడి చాందినీలో పడింది. అల్లుడు బల్ల ఎక్కి గుడ్డ పక్కకు తీసి చూశాడు.

"కడ్డీలకు తుప్పు పట్టిండాది మామా. తుప్పు పడితే కడ్డీ ఉబ్బుతాది, చుట్టూ ఉండే సిమెంటును పగలగొడతాది. మీరు పైన పోస్తాండే సౌడులో ఉప్పే ఈ పని చేసింది. దీనిమీద మేడ వద్దు."

అల్లుడి ఎదుటపడి మాట్లాడటం అత్తకు ఆ ఇంట్లో ఆచారం కాదు. తలుపు వెనక నుంచి నాగలక్ష్మమ్మ మొగుడితోనే అంది, అల్లుడికి వినిపించేలా. "ఏమయ్యా, మా నాయనోళ్ళ మిద్దె మీద తాతల కాలం నుంచి సౌడు పోస్తాండారు. ఒక్క కడ్డీ అన్నా చెడిందేమో అడుగు."

ఆ ఇంట్లో కడ్డీలే లేవని అల్లుడు మామకు చెప్పాడు. మామ తలుపుకు చెప్పలేదు.

నమూనా చేసి చూపిస్తానన్నాడు అల్లుడు. లోపల కడ్డీలు పెట్టి రెండు చిన్న సిమెంటు పలకలు పోశాడు. సంగతి తొందరగా తేలాలని కడ్డీల మీద సిమెంటు పల్చగా ఉంచాడు. ఒకదానిమీద చవుడు పరిచాడు, రెండోదాన్ని ఒట్టిగా వదిలాడు. రెండింటి మీదా రోజూ నీళ్ళు చల్లి ఎండనివ్వాలని, ఒట్టి పలక పగలకపోతే తప్పు చవుడుదేనని తేలుతుందని మామకు శ్రద్ధగా చెప్పాడు. మామ అంతకంటే శ్రద్ధగా తలూపాడు. అల్లుడు బండెక్కాక, ఏం చెప్పాడని భార్య అడిగితే, రెండింటినీ బాగా చూసుకోమన్నాడన్నాడు.

మరుసటి ఉగాదికి అల్లుడొచ్చేసరికి పలకలు రెండూ శుభ్రంగా కడిగి, ముగ్గు పెట్టి ఉన్నాయి. రెండూ పగిలి ఉన్నాయి.

ఓబుళరెడ్డి ముఖం వెలిగిపోయింది. చవుడు లేని పలక కూడా పగిలింది కాబట్టి చవుడు మంచిది, మిద్దె మంచిది, మేడకు అడ్డం లేదు. మేస్త్రీకి కబురు చెయ్యడానికి చెప్పులు వేసుకున్నాడు.

అల్లుడు రెండో పలక పగుల్లో తెల్లగా పేరుకున్నదాన్ని వేలితో తీసి నాలుకకు తాకించాడు. ఉప్పగా ఉంది.

"మామా, దీనిమీద సౌడు ఎవరేసినారు?"

"ఏమయ్యా," అంది తలుపు, "రెండూ ఆయప్ప చేసినవే గదా. ఒకదానికి కప్పి ఇంకోదాన్ని ఎండకు ఒట్టిగా ఇడిచిపెడితే చూసేటోళ్ళు ఏమనుకుంటారు? నీళ్ళు చల్లేటప్పుడు దానికీ రోజూ ఒక పిడికెడు ఏసినా."

అల్లుడు వెళ్ళి వరండాలో పడక్కుర్చీలో వాలాడు. వాలినవాడు పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఒక్క పగులు లేదు. అదే మేస్త్రీ, అదే సిమెంటు, అవే కడ్డీలు. మామను పిలిచి, దీనిమీద చవుడు ఎందుకు పోయలేదని అడిగాడు.

వీధిలోకి కనిపిస్తుందని పోయలేదన్నాడు మామ. అని, చెప్పులు వేసుకునే నిలబడిపోయాడు. లోపలికి వెళ్ళి చాందినీ ఎత్తి చూశాడు. మళ్ళీ వచ్చి వరండా కప్పు చూశాడు. మెల్లగా చెప్పులు విప్పాడు.

"అయితే అల్లుడా, ఈ వరండా మీదనే మేడ కట్టొచ్చునా?"

"డిప్యూటీ కలెక్టరు నిలబడే పండుకుంటానంటే కట్టొచ్చు మామా."

ఆ వేసవిలో హాలు కప్పు పగలగొట్టించి, దూలాలు వేసి, మట్టి మిద్దె వేయించారు. నాగలక్ష్మమ్మ దగ్గరుండి దానిమీద చవుడు పోయించింది. వానలకు ఒక్క చుక్క కారలేదు. చాందినీ విప్పేశారు.

వరండా మాత్రం సిమెంటుదే. ఏటా సున్నం కొట్టిస్తారు. వీధివాళ్ళ లెక్కలో ఆ ఇల్లు ఇప్పటికీ సిమెంటు మిద్దే. మేడ ఏమైందని ఎవరైనా అడిగితే ఓబుళరెడ్డి కిటికీ ఉండాల్సిన చోటు వైపు ఒకసారి చూసి, పైన మేడ కడితే కింద గదులకు గాలి రాదప్పా అంటాడు. అడిగినవాళ్ళు కూడా తలెత్తి అటే చూసి, నిజమే, రాదంటారు.