రెండు వందల పన్నెండో రూలు

పంపుల కంపెనీ డిజైన్ గదిలో కొత్త దేవుడు వెలిశాడు. పేరు నిపుణ. కంప్యూటర్లో ఉంటాడు, అడిగినదానికి సలహా ఇస్తాడు, ఇచ్చాక ఇక తిరుగులేదు. ఆ సలహాలన్నీ రిటైరైన చీఫ్ డిజైనర్ బుర్రలోంచి తోడినవే. ఆరు నెలలు ఆయన్ని కూర్చోబెట్టి, "ఇదెందుకింత, అదెందుకంత" అని వేధించి, పద్నాలుగు వందల రూళ్లు రాసుకున్న మేనేజరుకు ప్రశ్నల పంతులని పేరు పడింది. పంతులు జన్మలో ఒక్క నట్టు బిగించిన పాపాన పోలేదు. పంపుల సంగతి మాత్రం తనకు తప్ప ఇంకెవరికీ తెలియదన్నట్టు మాట్లాడేవాడు.

చీఫ్ డిజైనర్ కోడలిదీ ఆ గదిలోనే ఉద్యోగం. ఇద్దరు మోయగలిగే చిన్న పంపు గీసే పని ఆమెకిచ్చారు. పదేళ్లు ఇంకొకరి డ్రాయింగులు దిద్దాక ఆమెకు సొంతంగా దక్కిన మొదటి పంపు అది. లోపల తిరిగే కడ్డీకి, అదే షాఫ్టుకు, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల మందం చాలని లెక్క తేలింది. నలభై అయిదుకు తగ్గితే ఒప్పుకోనన్నాడు నిపుణ. షాఫ్టు లావెక్కితే బేరింగూ, సీలూ, కవరూ అన్నీ లావెక్కుతాయి. ఎందుకని అడిగితే తెర మీద ఇంతే వచ్చింది: రూలు 212, చెప్పినవారు చీఫ్ డిజైనర్. కారణం అన్నచోట ఖాళీ.

"నలుగురు మోసేదాన్ని పంపు అనరండీ, పాడె అంటారు" అంది పంతులుతో.

"అది నలభై ఏళ్ల అనుభవమమ్మా. కాదంటావా, నీ పంపు ఇంకొకరికిస్తాను" అన్నాడు పంతులు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఇంటికెళ్లి మామగారిని అడిగింది. ఆయన దగ్గొచ్చేదాకా నవ్వారు.

"అదా! అప్పట్లో మన స్టోరులో నలభై అయిదు మిల్లీమీటర్ల కడ్డీలే గుట్టగా పడుండేవి. సన్నవి కావాలంటే మూడు నెలలు ఆగాలి. అందుకని దేనికైనా అవే వేసెయ్యమనేవాణ్ణి. ఆ పంతులు అది కూడా రాసుకున్నాడా?"

"ఆ ఒక్క మాట రేపొచ్చి చెప్పండి మామయ్యా."

"అదెంత పని! వస్తాను పద."

మర్నాడు వచ్చారు. డైరెక్టరు లేచి నిలబడి కుర్చీ జరిపాడు. ఎదురుగా గోడ మీద ఆయన ఫోటో, కింద 'మా అనుభవ నిధి' అని అక్షరాలు. పంతులు రూలు చదివి వినిపించి, దీనికి కారణమేమిటండీ అని వినయంగా అడిగాడు. మామగారు ఫోటో వంక చూశారు. గొంతు సవరించుకున్నారు.

"అనుభవం మీద చెప్పిందండీ. కొన్ని లెక్కలకు అందవు."

కోడలికి ఒళ్లు మండిపోయింది. నిన్న దగ్గొచ్చేలా నవ్విన మనిషేనా ఈయన! పంపు ఇంకొకరి బల్ల మీదికి పోయింది. నిపుణలో ఖాళీగా ఉన్న కారణాలు పూరించమని ఆమెను మూల సీట్లో కూర్చోబెట్టారు.

"మామగారు ఇంట్లోనే ఉన్నారుగా, అడిగి రాసెయ్" అన్నాడు పంతులు. "ఆయన చెప్పింది చెప్పినట్టు రాయి. సొంత తెలివి వద్దు."

అలాగే రాసింది.

వారం తిరగ్గానే కొత్త డ్రాయింగు డైరెక్టరు ముందుకొచ్చింది, నిపుణ సలహా కాగితంతో సహా. ఆయన మీటింగులో పైకి చదివాడు. "షాఫ్టు నలభై అయిదు. కారణం: స్టోరులో సన్న కడ్డీలు లేవు. చెప్పినవారు: చీఫ్ డిజైనర్." ఇంకోసారి చదివి స్టోర్ కీపర్ని పిలిపించాడు.

"ఆ కడ్డీలు అయిపోయి తొమ్మిదేళ్లయిందండీ" అన్నాడు స్టోర్ కీపర్.

సాయంత్రానికల్లా పంపు ఆమె బల్ల మీదికి తిరిగొచ్చింది. అయితే ఖాళీలు పూరించే పనీ ఆమెకే ఉంచారు.

కబురు ఆమెకంటే ముందే ఇల్లు చేరింది. మామగారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు.

"నా పరువు తీశావు కదమ్మా!"

"మీరు నవ్వుతూ చెప్పిందే రాశాను మామయ్యా. ఫోటో చూసి చెప్పింది రాయలేదు."

ఆమె చేతిసంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకా మూడు వందల ఖాళీలున్నాయి. ఇక్కడ ఫోటో ఏమీ లేదు, కూర్చోండి."

కాసేపు నిలబడి చూశారు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లజోడు పెట్టుకున్నారు.