నీళ్ళు పోయని కరివేపాకు

పొద్దున లేవగానే లక్ష్మణసామి గేదె పాలు పితుకుతాడు. ఆ తర్వాత భార్య గాంధిమతి కుడిచెవిలో ఒక చుక్క వెచ్చటి నువ్వులనూనె వేస్తాడు. తమిళనాట కోవిల్‌పట్టి దాపున ఒక తెలుగువాళ్ళ ఊళ్ళో వాళ్ళ సంసారం సగం పొలం మీద, సగం ఆ చెవి మీద నడుస్తుంది.

ఎండలకు నల్లరేగడి నెర్రెలు విచ్చే కాలంలో దానిమీద మాట్లాడిన మాటలన్నీ లోపలికి పడిపోతాయి. మళ్ళీ నీళ్ళు తగిలినప్పుడు బయటికొస్తాయి. ఇది అక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. అందుకే వానలు పడేదాకా పెళ్ళిమాటలూ పొలం బేరాలూ తారురోడ్డు మీద నిలబడి మాట్లాడుకుంటారు. మొగుడూపెళ్ళాల పోట్లాటలైతే ఇంట్లో సిమెంటు గచ్చు మీదే. పరువు గలవాళ్ళెవరూ మన్ను మీద గొంతు ఎత్తరు.

ఎక్కడి మట్టిపెళ్ళ తియ్యాలో లక్ష్మణసామికి తెలుసు. అది లోటా నీళ్ళలో కరిగేటప్పుడు వచ్చే సన్నటి మాటను గాంధిమతి చెవి పడుతుంది. తప్పిపోయిన ఎద్దులు, గట్టు తగాదాలు, ఇల్లు వదిలిపోయిన మనుషులు, ఏదున్నా జనం వాళ్ళిద్దరికే కబురు పెడతారు. విన్నది విన్నట్టు చెప్పడం వాళ్ళ పద్ధతి. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధమూ ఆడలేదు.

ఆరోజు ఇంకా ఇడ్లీలు దించకముందే ఫోను మోగింది. వెంబకోట్టై పక్క ఊరినుంచి వీరమ్మాళ్.

"అక్కా, మా కోడలు దేవిప్రియ నిన్న సాయంత్రం టపాసుల కంపెనీ నుంచి ఇంటికి రాలేదు. వ్యాను డ్రైవర్‌ని అనుమానపడి కట్టేసినారు. మా కొడుకు కణ్ణన్ వాణ్ణి కొట్టి చంపేట్టుండాడు. బిన్నా రండక్కా."

పడమట మబ్బు కమ్ముతోంది. వాన పడిందంటే మన్ను తనలో ఉన్నదంతా ఒక్కసారే కక్కేస్తుంది, వినేవాళ్ళున్నా లేకపోయినా. లక్ష్మణసామి బండిని ఎన్నడూ లేనంత వేగంగా తోలాడు.

వీరమ్మాళ్ ఇంటిముందు వ్యాను నిలబడి ఉంది. డ్రైవర్ పేచ్చిముత్తును దానికే కట్టేశారు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఆ పిల్లను రోడ్డు మలుపులో దించాను, వచ్చేశాను అని ఆ ఒక్క మాటే చెబుతున్నాడు. అంతకుమించి ఎంత కొట్టినా నోరు విప్పలేదు.

కణ్ణన్ చేతిలో కర్రతో మలుపుదాకా వెంట వచ్చాడు. లక్ష్మణసామి రోడ్డు అంచున వంగి, చెప్పుల గుర్తులు చూసి ఒక పెళ్ళ లేపాడు. గాంధిమతి దాన్ని లోటాలో వేసి చెవి ఆనించింది.

లోటాలోంచి దేవిప్రియ గొంతు ఆమెకొక్కదానికే వినపడింది. "అన్నా, విరుదునగర్ బస్సెక్కతాను. నా నేస్తం సంగవి ఇంటికి పోతా. ఆయనకు తెలిస్తే నన్ను చంపేస్తాడు. ఎవురికీ చెప్పొద్దన్నా." దాని వెనకే పేచ్చిముత్తు గొంతు. "చెప్పను చెల్లీ."

గాంధిమతి లోటాను చెవినుంచి దించింది. ఉన్నమాట చెబితే డ్రైవర్ బతుకుతాడు, గంట తిరక్కుండా కణ్ణన్ బండి సంగవి ఇంటిముందుంటుంది. చెప్పకపోతే ఆ మంచివాడు ఇక్కడే చస్తాడు. ఆమెకు నిజంగా భయం వేసింది.

"ఏమి చెప్పినాది పెద్దమ్మా?" అన్నాడు కణ్ణన్.

లక్ష్మణసామికి ఏమీ వినపడలేదు, కానీ భార్య మొహం చూశాడు. "ఇల్లు చూడకుండా మేము చెప్పేది లేదప్పా," అన్నాడు.

ఇల్లంతా నున్నటి సిమెంటు. వంటింటి మూల మాత్రం ఒక పాత పెయింటు బక్కెట్టు నిండా నల్లమన్ను, అందులో ఎండి పుల్లైపోయిన కరివేపాకు మొక్క. మన్ను వేలు దూరేంత నెర్రెలు విచ్చింది.

"పొలం నుంచి తనే మన్ను మోసుకొచ్చి పెట్టుకునింది," అంది వీరమ్మాళ్. "ఒక్కనాడన్నా నీళ్ళు పోస్తే కదా? నేను పొయ్యబోతే చెంబు లాక్కునింది."

ఇంటికి రోజూ బిందెలతో నీళ్ళు మోసే పిల్ల తన మొక్కను ఎందుకు ఎండబెట్టుకుంటుంది? తడిస్తే ఆ మన్ను మాట కక్కేస్తుందనే అని గాంధిమతికి తట్టింది. దాహంగా ఉందని చెంబెడు నీళ్ళు అడిగింది. లక్ష్మణసామి ఆ బక్కెట్టును ఎత్తి వాకిట్లో జనం మధ్య పెట్టాడు. చెంబులో నీళ్ళన్నీ ఆమె అందులో పోసేసింది.

లోటా మన్నయితే గుసగుసలాడుతుంది. బక్కెట్టెడు మన్ను మనిషిలాగే మాట్లాడింది. దెబ్బల చప్పుడు. దేవిప్రియ ఏడుపు. ఆపైన కణ్ణన్ గొంతు. "నిన్ను గుంత తీసి పూడ్చి, వ్యానోడితో లేచిపోయినాదని చెప్తా. నిన్ను ఎవురడగతారు?"

తర్వాత వచ్చింది వీరమ్మాళ్ గొంతు. "వాకిట్లో వద్దురా, మన్నుంటాది. లోపలికి పిలుచుకోనొచ్చి సిమెంటు మీద కొట్టుకో."

వీరమ్మాళ్ కొంగుతో నోరు మూసుకుంది. కణ్ణన్ బక్కెట్టును తన్నబోతే, అంతవరకు వాడి పక్కనే నిలబడ్డవాళ్ళే వాణ్ణి వెనక్కి లాగి పట్టుకున్నారు.

"అదెక్కడుండాది? రోడ్డు మన్ను ఏం చెప్పినాది?" అని అరిచాడు.

"చెప్పినాది," అంది గాంధిమతి. "నీకు చెప్పను."

పేచ్చిముత్తు కట్లు వీరమ్మాళే విప్పింది. ఎవరో ఫోను చేస్తే పోలీసులు వచ్చి కణ్ణన్‌ను తీసుకుపోతుంటే ఆమె అటు చూడలేదు. వాకిటి చివర వంగి ఒక ఎండు పెళ్ళ పెరికి, నోటి దగ్గర పెట్టుకుని ఏదో చెప్పింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గాంధిమతి చేతిలో పెట్టింది.

"ఎక్కడని అడగనక్కా. ఇది మాత్రం దానికియ్యి."

అప్పుడే వాన మొదలైంది.

విరుదునగర్‌లో సంగవి తలుపు తీసింది. ఆమె వెనక నిలబడ్డ దేవిప్రియ కవర్‌ను చూడగానే గోడకు ఆనుకుపోయింది. జరిగిందంతా గాంధిమతి చెప్పినా ఆమె భయం తగ్గలేదు.

"అత్త రమ్మంటాదా?" అంది. "అత్త పిలిస్తే కాదనలేను పెద్దమ్మా."

"తెలీదు తల్లీ. అది నీ మాట, మేము వినకూడదు. నోరు ఆనించి చెప్పిన మాట నీ చెవికీ అందుతుంది."

దేవిప్రియ లోటాలో పెళ్ళ వేసి చెవి ఆనించింది. గాంధిమతి తన కుడిచెవి చేత్తో మూసుకుని, వాన చూస్తున్న మొగుడి పక్కకు పోయి నిలబడింది. చాలాసేపటికి వెనకనుంచి దేవిప్రియ గొంతు వచ్చింది.

"ఆయనొచ్చి కాళ్ళు పట్టుకున్నా రావద్దంటాది. 'రేపు నా మనసు కరిగి నేనే వచ్చి పిలిచినా రావద్దు తల్లీ' అంటాది."

లోటా కిందపెట్టి కళ్ళు తుడుచుకుంది. నిన్నటినుంచి పచ్చినీళ్ళు కూడా ముట్టని ఆ పిల్ల, తినేదానికి ఏమన్నా ఉందా అని సంగవిని అడిగింది.